పిల్లికి పెరుగన్నం

పోయిన నెలలో ఒక ఉపనయనానికి వెళ్ళాను. భోజనాలయ్యాక పందిట్లో వక్కపలుకులు నములుతూ కూర్చున్న పెద్దల గోష్ఠిలో మాట ఎటునుంచి ఎటో తిరిగి పెంపుడు జంతువుల మీదికి మళ్ళింది. నాకంటె నాలుగైదేళ్ళు పెద్దవారొకరు గొంతు సవరించుకుని, "మా ఇంట్లోనూ ఒక పిల్లి ఉందండీ. శుద్ధ శాకాహారి. పుట్టి బుద్ధెరిగిన తరువాత పాలూ పెరుగన్నమూ తప్ప మరొకటి ముట్టి ఎరగదు. సంస్కారమనేది ఇంటినిబట్టి వస్తుంది మరి" అన్నారు. చుట్టూ ఉన్నవారు తలలూపారు. ఒకరు పూర్వజన్మ సుకృతమన్నారు. మరొకరు లౌక్యుడు కాబోలు, ఖర్చు కూడా కలిసివస్తుందన్నారు.

నేను నోరు మెదపలేదు. ముప్ఫైనాలుగేళ్ళపాటు తరగతి గదిలో నోటికి విరామమెరుగక బ్రతికినవాణ్ణి, ఆ పూట మాత్రం మూసుకుని కూర్చున్నాను. ఆ మౌనానికి ప్రాయశ్చిత్తంగా ఇది రాస్తున్నాను. కటువుగా ఉంటే చదువరులు మన్నించాలి. మన్నించకపోయినా, ఇంట పిల్లి ఉన్నవారు చివరిదాకా చదవాలి.

తెలుగులో పరమ లోభిని వర్ణించవలసివస్తే పిల్లికి బిచ్చం పెట్టడంటాం. ఈ నానుడిలో ఒక సూక్ష్మముంది. అడుక్కునే మనిషికి పెట్టకపోవడం సాధారణ లోభం. గుప్పెడు మెతుకులతో వెళ్ళిపోయే పిల్లికి కూడా పెట్టకపోవడం లోభానికి పరాకాష్ఠ. అంటే పిల్లికి పెట్టేది అత్యల్పమనీ, మనం తిన్నదాంట్లో విదిల్చింది దానికి చాలుననీ ఈ జాతి ఏనాడో తీర్మానించుకుంది. ఆ తీర్మానం గాదెలూ ధాన్యపు పురులూ ఉన్న కాలానిది. ఆనాటి పిల్లికి మనం పెట్టే మెతుకులు ఉపాహారం మాత్రమే. అసలు భోజనం గాదె కింద దానంతటది సంపాదించుకునేది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల కిందట ఒక మనిషి పక్కనే పూడ్చిన పిల్లి ఎముకలు దొరికాయని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ స్నేహం కుదిరింది ధాన్యం దగ్గర, ధాన్యం తినే ఎలుక దగ్గర. ఇప్పుడు గాదెలు లేవు, ఇంటికి నాలుగువైపులా సిమెంటు. ఆ ఎలుకలను తీసివేసి, మెతుకులు మాత్రం మిగిల్చి, దానికి సంస్కారమని పేరు పెట్టుకున్నాం.

నేను పుట్టింది శాకాహారపుటింట. ఇప్పటికీ గుడ్డు వాసన తగిలితే నాకు వికారమే. కాబట్టి ఎవరో మాంసప్రియుడు శాకాహారులను ఎద్దేవా చేస్తున్నాడని ఈ వ్యాసాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు. మనిషి తన పళ్ళెంలో ఏం వడ్డించుకుంటాడన్నది అతని ఇష్టం, అతని ధర్మం. తన ధర్మాన్ని ఇంకొక ప్రాణి చేత ఆచరింపజేసి, పుణ్యం తన ఖాతాలో వేసుకోవడం మీదనే నా అభ్యంతరం.

అసలు ఈ సంగతి మన పూర్వులకు తెలియనిదా? చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికను మా తరం పిల్లలూ, మా దగ్గర చదువుకున్న పిల్లలూ ఎంతోకొంత చదివినవారే. అందులో జరద్గవమనే ముసలి గద్ద, దీర్ఘకర్ణమనే పిల్లి కథ ఉంది. పక్షిపిల్లల మీద కన్నువేసి చెట్టు దగ్గరికి వచ్చిన ఆ పిల్లి, తాను మాంసం మానివేశాననీ, నిత్యం గంగాస్నానం చేస్తూ వ్రతం పట్టాననీ గద్దను నమ్మిస్తుంది. తరువాతి కథ అందరికీ తెలిసిందే: పిల్లలు పోయాయి, నింద మోసి గద్ద పోయింది. మహాభారతంలోనూ తపస్సు చేసే దొంగపిల్లి ఉంది. మహాబలిపురంలో పల్లవ శిల్పులు ఆ పెద్ద బండమీద, ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తున్న పిల్లిని, దాని చుట్టూ చేరిన ఎలుకలను చెక్కారు. కపట వ్రతానికి ధర్మశాస్త్రాలు పెట్టిన పేరే బైడాలవ్రతం. బిడాలమంటే పిల్లి. శాకాహారి పిల్లి అనే మాటే ఈ దేశంలో వేల ఏళ్ళుగా అబద్ధానికి పర్యాయపదం. అమరకోశంలో దానికి ఉన్న పేర్లలో ఆఖుభుక్కు ఒకటి, ఎలుకను తినేదని అర్థం. పెరుగుభుక్కు అని ఏ నిఘంటువులోనూ నాకు కనబడలేదు.

ఇంత తెలిసినవాణ్ణి నేను ఏం చేశానో చెప్పకుండా ఇతరులను నిందించడం న్యాయం కాదు.

2013లో వానాకాలం. మా బడి నీళ్ళట్యాంకు కింద నాలుగు పిల్లికూనలు తడిసిపోతూ కనబడ్డాయి. తల్లి తిరిగి రాలేదు. మూడు రెండు రోజుల్లోనే పోయాయి. నాలుగోదాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. తెల్లనిది కాబట్టి, నేను నీతిచంద్రిక పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి, చంద్రిక అని పేరు పెట్టాం. మాకు పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు; ఇంట్లో మేమిద్దరమే. పింఛనుకు ఇంకా నాలుగేళ్ళుందప్పటికి. జీతంలో సగం మా ఆవిడ మందులకు, తక్కినది అప్పులకు, సంసారానికి. చంద్రికకు పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి మళ్ళీ పాలన్నం. నెయ్యి చుక్క వేస్తే పళ్ళెం నాకి శుభ్రం చేసేది. నేను వాలుకుర్చీలో కూర్చుంటే ఒళ్ళోకి ఎక్కి, నేను చదివే పద్యానికి గురకతో తాళం వేసేది. పెద్దమనిషి అన్నట్టే నేనూ నలుగురిలో అనేవాణ్ణి, మా చంద్రిక శాకాహారి అని. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను.

2017లో నేను పదవీవిరమణ చేసిన నెలలోనే కాబోలు, చంద్రిక గుమ్మం తగిలి తడబడడం మొదలుపెట్టింది. పిట్టగోడ మీదికి ఎగిరేది కాస్తా అంచు అందక పడిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా దాని కంటిపాపలు సున్నలంత విచ్చుకుని, లోపల దీపం వెలిగించినట్టు మెరుస్తూ ఉండేవి. మేమది అందమనుకున్నాం! "దీని కళ్ళు చూడండి, ఎంత పెద్దవయ్యాయో" అని మా ఆవిడ మురిసిపోయింది కూడా. ఒకరోజు పాలగిన్నె దాని ముందే పెడితే, గిన్నెకు జానెడు అవతల నేలను నాకుతోంది.

ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకువెళ్ళాను. అక్కడి డాక్టరు నా దగ్గర పదో తరగతి చదివినవాడే. కంటిలోకి దీపం వేసి చూసి, ఏం పెడుతున్నారని అడిగాడు. చెప్పాను, కొంత గర్వంగానే. కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "మాస్టారూ, దీర్ఘకర్ణం కథ మీరే చెప్పారు కదండీ మాకు" అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో నా పాఠం అంత బాగా అర్థం చేసుకున్న శిష్యుడు ఇంకొకడు లేడు.

అతను చెప్పినదీ, ఆ తరువాత నేను వెతికి చదివినదీ ఇది. టారిన్ అని ఒక పదార్థం ఉంది. మనిషి శరీరం, కుక్క శరీరం దాన్ని చాలావరకు సొంతంగా తయారుచేసుకోగలవు. పిల్లి శరీరానికి ఆ శక్తి బహు స్వల్పం. తినే మాంసంలోంచి, చేపలోంచి అది రావలసిందే. బియ్యంలో అది లేదు, పప్పులో లేదు, పాలలో ఉన్నది దాని అవసరానికి చాలదు. అది లేకపోతే కంటి లోపలి పొర క్షీణిస్తుంది, గుండె కండరం పలుచబడి సాగిపోతుంది. 1975లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో చూపు పోగొట్టుకున్న పిల్లులకు పెట్టిన ఆహారంలోని మాంసకృత్తు ఏదో తెలుసునా? కేసిన్, అంటే పాలవిరుగుడులో ఉండే మాంసకృత్తే. ఆ వాక్యం చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. సగం ప్రపంచం అవతల, నేను చదువుకునే రోజుల్లోనే తేలిపోయిన విషయం, నలభై రెండేళ్ళ తరువాత మా ఇంట్లో నేను మళ్ళీ ప్రయోగం చేసి నిరూపించాను.

టారిన్ ఒక్కటే కాదు. క్యారెట్టులో, ఆకుకూరలో ఉండే పసుపుపదార్థాన్ని మనం ఏ విటమినుగా మార్చుకుంటాం. పిల్లి మార్చుకోలేదు, దానికి ఏ విటమిను తయారుగానే కావాలి. తీపి రుచి దానికి తెలియనే తెలియదు. ఆ రుచిని గ్రహించే జన్యువు పిల్లిజాతిలో చెడిపోయి ఉందని 2005లో తేల్చారు. ఈ వార్త చదివి, ఇన్నేళ్ళూ దానికి కలిపిపెట్టిన పరమాన్నం తలచుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇక పాలమాట. పాలిచ్చే తల్లిని వదిలిన తరువాత చాలా పిల్లులకు పాలలోని చక్కెర అరగదు, విరేచనాలవుతాయి. పిల్లి పాలు తాగుతుంది నిజమే, ఇష్టంగానే తాగుతుంది. ఇష్టమైనదల్లా హితమైతే లోకంలో వైద్యులుండరు.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ చిన్నప్పటినుంచీ చెప్పుకుని నవ్వుకుంటున్నాం. రాయలవారు పిల్లిని పెంచమని ఇంటింటికీ ఒక పిల్లినీ, దాని పాలకోసం ఒక ఆవునూ ఇస్తే, రామకృష్ణుడు మరిగే పాలు పెట్టి పిల్లి నాలుక కాల్చి, పాలంటే పారిపోయేటట్టు చేసి, ఆవుపాలు తానే తాగాడట. వికటకవి తెలివికి మెచ్చి రాజు బహుమానమిచ్చాడంటారు. నాకు ఇప్పుడు ఆ కథ నవ్వు పుట్టించదు. పిల్లి పేరుమీద వచ్చిన ఆవు పాలు మనం తాగి, పిల్లికి మిగిల్చింది చూసి అదే దాని స్వభావమనుకోవడం రామకృష్ణుడి ఇంట్లోనే ఆగిపోలేదు.

పందిట్లో పెద్దమనిషి పక్షాన వాదించగలిగినవాడు ఒక మాట అనవచ్చు: ఒక పిల్లిని బ్రతికించడానికి రోజూ పది చేపలను చంపించడం అహింస ఎలా అవుతుంది? ఈ ప్రశ్న తేలికైనది కాదు. నేను దీన్ని పక్కకు నెట్టను. నాకు దొరికిన సమాధానం ఇంతే: చేపను తినే ప్రాణిని నా ఇంట కట్టుకున్న క్షణాననే ఆ చేప బాధ్యత నా మీద పడింది. ఆ బాధ్యత మోయడం ఇష్టం లేనివారికి ఆవు ఉంది, కుందేలు ఉంది, చిలుకను పెంచడం చట్టవిరుద్ధం గనుక పిచ్చుకలకు చూరులో వడ్లకంకి కట్టే భాగ్యం ఉంది. పిల్లిని తెచ్చి, దాని చేత ఉపవాసం చేయించి, కళ్ళు పోగొట్టి, చేపను రక్షించాననుకోవడం లెక్క తప్పడమే. విదేశాల్లో కృత్రిమ టారిన్ కలిపిన మాంసరహిత ఆహారాలు తయారవుతున్నాయి, నిజమే. అవి వాడేవారు వైద్యుల పర్యవేక్షణలో, ఎక్కువ డబ్బు పెట్టి వాడుతున్నారు. పెరుగన్నానికి వారిని సాక్ష్యం పిలవడం కుదరదు.

ఇంతవరకు ఒక పక్షం. రెండో పక్షం మీద నాకు ఇంతకంటె ఎక్కువ కోపం.

మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు, పిల్లి ఉంది, దానికి బీమా ఉంది. మంచివాడు, నాకు ప్రాణం. చంద్రిక సంగతి చెప్పినప్పుడు, "మావయ్యా, సరిగ్గా చూసుకునే స్తోమతు లేనప్పుడు పెంచకూడదు. అది ఆ ప్రాణికి చేసే అన్యాయం" అన్నాడు. ఇదే మాట ఈ దేశపు నగరాల్లోనూ ఇప్పుడు బాగా వినబడుతోంది. విదేశీ ఆహారపు పొట్లాలు, గడ్డకట్టే ఇసుక, గీరుకునే స్తంభం, పరుపు, నెలనెలా వైద్యపరీక్ష, ఇవన్నీ సమకూర్చలేనివాడు పిల్లి మీద చెయ్యి వేయడానికి అనర్హుడట.

సరే. ఆ లెక్కన ట్యాంకు కింద తడుస్తున్న నాలుగో కూనను నేను అక్కడే వదిలిపెట్టి రావలసింది. మూడింటి దారినే అదీ పోయేది. స్తోమతు గల ఇల్లు వెతుక్కుంటూ అది ఎక్కడికి పోగలదు? ఈ దేశంలో పిల్లులు అంగట్లో కొనుక్కుంటే వచ్చేవి తక్కువ. గోడ దూకి, అటక మీద ఈని, మన గుమ్మంలో కూర్చునేవే ఎక్కువ. వాటి ముందు మనకున్న ప్రత్యామ్నాయం బీమా ఉన్న యజమాని కాదు, వీధి. నా చంద్రిక కళ్ళు పోయింది నా పేదరికం వల్లనైతే మేనల్లుడి మాట ఒప్పుకునేవాణ్ణి. పోయింది నా అజ్ఞానం వల్ల. రోజుకు రెండు పూటలా అర్ధశేరు పాలు, నెయ్యి, పెరుగు; ఆ డబ్బుతో చేపలు రెండింతలు వచ్చేవి.

దీనికి నాకు సాక్ష్యం మా బజారులో చేపలమ్మే ఆవిడ. నాకంటె పదింతలు బీద. ఆవిడ బుట్ట పక్కన ఒక గండుపిల్లి ఎప్పుడూ ఉంటుంది. ఒళ్ళు నిగనిగలాడుతూ, ఎండలో కంటిపాప దబ్బనం గీత గీసినంత సన్నగా. చంద్రికకు చూపు పోయిన తరువాత మొదటిసారి సంచీ పట్టుకుని ఆవిడ ముందు నిలబడినప్పుడు, దారిన పోయేవారు చూస్తారేమోనని నేను తల వంచుకున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పంతులుగారూ, దారి తప్పొచ్చారేటండీ?" అంది.

"పిల్లికమ్మా" అన్నాను.

"ఇన్నాళ్ళూ ఏం ఎడతన్నారు దానికి?"

చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "అయ్యో, నోరులేని పేణవండీ" అని, గుప్పెడు చిన్న పరిగెలు ఆకులో చుట్టి ఇచ్చి, డబ్బులు పుచ్చుకోనంది. చదువుకున్న పంతులు పెంచిన పిల్లికి నాలుగేళ్ళకు కళ్ళు పోయాయి. చదువులేని ఆవిడ పిల్లికి అప్పటికే పదకొండేళ్ళు.

ఇక లెక్కలోకి వస్తాను. ఆవేశం కంటె పిల్లి ఉన్న ఇంటికి పనికివచ్చేది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త నిలబడతాను. ఇప్పుడు మా ఇంట్లో మూడు పిల్లులున్నాయి. నాలుగు కిలోల బరువుండే పిల్లికి రోజుకు సుమారు 150 గ్రాముల మాంసమో చేపో, దానిలో కలిపే రెండు ముద్దల మెత్తని అన్నమో చాలు. అన్నం మొత్తంలో నాలుగో వంతు మించనివ్వను. మూడింటికీ కలిపి నెలకు పదమూడు, పదునాలుగు కిలోలు. కోళ్ళ దుకాణంలో మనుషులు అంతగా అడగని గుండెలూ, కందనకాయలూ, మెడలూ విడిగా తీసి ఉంచమంటాను. చేపల బజారులో సాయంత్రం దీపాలవేళకు మిగిలిన చిన్న చేపలు తీసుకుంటాను. మా ఊళ్ళో సగటున కిలో నూట పది, నూట ఇరవై పడుతోంది. అంటే మూడింటికీ నెలకు పదహారు వందలకు లోపు. వేడుకగా అమ్మే తడి ఆహారపు చిన్న పొట్లాలతోనే పెంచితే ఒక్క పిల్లికే ఇంతకు రెండు మూడు రెట్లవుతుంది.

అయితే న్యాయం న్యాయమే. పొడి గింజల ఆహారం సంచీలు కిలో నాలుగు వందల ధరలో దొరుకుతాయి. పిల్లికి రోజుకు అరవై గ్రాములు వేస్తే చాలు. మూడింటికీ నెలకు రెండు వేల పైచిలుకు. తేడా అయిదారు వందలే. అందులో టారిన్, విటమిన్లు కలిపే ఉంటాయి. వంట చేసే ఓపిక లేనివారికి, చేపను తాకలేనివారికి నేను అదే చెబుతాను, సంకోచం లేదు. సంచీ ఆహారమంతా విషమని ప్రచారం చేసేవారితో నేను ఏకీభవించను. అలాగని సంచీ వేదమూ కాదు. 1987లో కాలిఫోర్నియా పశువైద్యులు గుండె సాగిపోయి చనిపోతున్న పిల్లులను పరీక్షిస్తే, అవి తింటున్నవి పేరున్న సంస్థల డబ్బా ఆహారాలే, టారిన్ చాలనివి. ఆ తరువాతనే ఆ సంస్థలు మోతాదు పెంచాయి. నేను మూడు రోజులు వండినది, ఒకరోజు సంచీది పెడతాను. గింజలు పెట్టిన రోజున నీళ్ళగిన్నెలు రెండు అదనంగా ఉంచుతాను, ఎందుకంటే పిల్లి స్వతహాగా నీళ్ళు తక్కువ తాగే ప్రాణి.

వంటకు పెరట్లో మూడు ఇటుకల పొయ్యి. కొబ్బరి డొక్కలు, మట్టలు మాకు ఖర్చు లేని వంటచెరకు. మడి గురించి మా ఆవిడ మొదట బెంగపెట్టుకుంది. పెరటి గిన్నె పెరట్లోనే, పెరటి తువ్వాలు పెరట్లోనే అని ఒప్పందం చేసుకున్నాం. ఇప్పుడు ఉడికిందో లేదో కిటికీలోంచి ఆవిడే కేకవేసి చెబుతుంది. చేపను పచ్చిగా పెట్టకూడదు. బొచ్చె వంటి కొన్ని చేపల్లో బి1 విటమినును చంపే గుణముంది, ఉడికిస్తే పోతుంది. ఉడికించిన నీళ్ళు పారబోయకూడదు, టారిన్ నీటిలోకి దిగిపోతుంది, ఆ రసంతోనే అన్నం కలపాలి. ఉడికిన కోడి ఎముక పెళుసుగా చీలి గొంతులో దిగుతుంది, కాబట్టి ఎముక తీసివేయాలి; మెడలయితే కండ వలిచి పెడతాను. మెత్తగా ఉడికిన చిన్న పరిగె ముల్లు చేత్తో నలిపితే పొడి అవుతుంది, దానివల్ల సున్నం అందుతుంది. అది లేనినాడు గుడ్డుపెంకు కడిగి, ఎండబెట్టి, మెత్తగా నూరిన పొడి చిటికెడు. గుడ్డుపెంకులు పొరుగింటివారు ఇస్తారు, నేను వారి పిల్లలకు ఛందస్సు చెబుతాను. కాలేయం వారానికి ఒకటి రెండుసార్లకు మించి వద్దు, ఏ విటమిను అతిగా చేరి ఎముకలు పట్టేస్తాయి. ఎండుచేప పెట్టేవారు రాత్రంతా నానబెట్టి ఉప్పు పోగొట్టాలి. ఉప్పు, కారం, అన్నిటికంటె ముఖ్యంగా ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. ఉల్లి పిల్లి రక్తకణాలను పగలగొడుతుంది. మన కూరగిన్నె అడుగున మిగిలిన పులుసు దానికి పెట్టడమంటే అదే.

దొడ్డికి అట్టపెట్టెలో వరిఊక, పైన కాస్త పొయ్యిబూడిద. గోదావరి జిల్లాల్లో ఊకకు కరువా! రోజూ మార్చాలి, ముఖ్యంగా ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని వేరొకరు చేయాలి.

ఈ లెక్కలన్నీ తారుమారు చేసేది ఆహారం కాదు, సంతానం. ఆడపిల్లి అయిదారు నెలలకే గర్భం దాలుస్తుంది, రెండు నెలలకు పైన కొద్ది రోజుల్లో ఈనుతుంది, ఏడాదికి రెండు మూడు ఈతలు. పెరుగన్నమయినా పెడుతున్నానని చెప్పుకునే గృహస్థు, కూనలు పుట్టగానే గోనెసంచీలో వేసి కాలువగట్టున వదిలివచ్చే సంగతి మాత్రం పందిట్లో చెప్పడు. ఈ ఊళ్ళో ఏటా రెండుసార్లు కాలువగట్టున ఆ సంచీలు కనబడతాయి. నేను ఆ మూడింటికీ శస్త్రచికిత్స చేయించాను, ప్రభుత్వ ఆసుపత్రిలోనే. మందులు, కుట్లదారం బయట కొన్నాను. నాలుగు నెలలపాటు పత్రికా, ఇస్త్రీ మానుకున్నాం. రేబిస్ టీకాకు జూలై 6వ తేదీ చూసుకోండి. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేయించిన రోజది. ఆ రోజున పశువైద్యశాలల్లో ఉచిత టీకా శిబిరాలు పెడతారు. కుక్కలకే కాబోలునని అందరూ ఊరుకుంటారు. పిల్లి సంచీతో నేను వెళ్ళినప్పుడు వరుసలో ఉన్న కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి, అది వేరే కథ.

డబ్బు ఆదా అవుతుందని ఇంట్లో మందులు వేసేవారికి ఒక్క హెచ్చరిక. జ్వరంగా ఉందని పారాసెటమాల్ చిన్న ముక్క వేసినా పిల్లి చచ్చిపోతుంది. దానికి సురక్షితమైన మోతాదంటూ లేదు. కుక్కల పేలకు చల్లే మందుపొడులు కూడా చాలావరకు పిల్లికి విషమే. మగపిల్లి దొడ్డిపెట్టెలో ముక్కుతూ కూర్చుని చుక్క మూత్రం రావడం లేదంటే, రేపు చూద్దామనకండి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

చంద్రిక ఆ తరువాత అయిదేళ్ళు బ్రతికింది. చూపు రాలేదు, ఆ పొర ఒకసారి పోతే తిరిగి రాదని డాక్టరు ముందే చెప్పాడు. చేప మొదలుపెట్టిన రెండు నెలలకు బొచ్చు మెరిసింది, ఒళ్ళు చేసింది. గిన్నె ఎప్పుడూ ఒకేచోట పెట్టేవాళ్ళం, కుర్చీలు కదిపేవాళ్ళం కాదు. పెరటి పొయ్యి మీద మూత తీసిన చప్పుడుకు, గోడ వెంబడి మీసాలు రాసుకుంటూ, ఒక్క అడుగు తప్పకుండా వచ్చేది. 2022లో మాఘమాసంలో నా ఒళ్ళోనే పోయింది.

ఉపనయనం నుంచి వచ్చిన నాలుగు రోజులకు ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. శాకాహారి పిల్లి వీధి అరుగుమీద ఎండలో పడుకుని ఉంది, బూడిదరంగుది, మూడేళ్ళుంటాయట. దగ్గర కూర్చుని కళ్ళలోకి చూశాను. కంటిపాప సన్నబడింది, కానీ సన్నబడవలసినంత కాదు. విషయమంతా చెప్పాను, చంద్రిక ఛాయాచిత్రం చూపించాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "ఇంట్లో ఒప్పుకోరండీ" అన్నారు. పొడి గింజల సంచీ సంగతి చెప్పాను. దానిలోనూ మాంసమే కదా అన్నారు. అవునన్నాను. మంగళవారం పశువైద్యశాలకు ఇద్దరం కలిసి వెళదామని, డబ్బు నేను పెట్టుకుంటానని చెప్పి వచ్చాను. చూసి చెబుతానన్నారు.

మంగళవారాలు రెండు గడిచాయి. రేపు మూడోది. పొద్దున్నే ఆటో పిలిచి, బుట్ట పట్టుకుని నేనే వారి అరుగు మీదికి వెళ్ళబోతున్నాను.